వెనక ఎడమ తలుపు

అంబాసిడర్ కారు తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడును అక్షరాల్లో పెట్టడం కష్టం. ఈనాటి కార్ల తలుపులు మూస్తే చిన్న నిట్టూర్పు విడిచినట్టుంటుంది, అంతే. అంబాసిడర్ తలుపు అలా కాదు. ఇనప్పెట్టె మూత పడ్డట్టు ఒక బరువైన ధ్వని, దాని వెనకాలే లోపలి గాజు పలక గడగడమంటూ ఇచ్చే వంత. మెల్లగా వేస్తే పడదు, విసురుగా వేస్తే యజమాని కసురుకుంటాడు. ఆ మధ్యస్థపు విసురు చేతికి అలవడడానికి నాలుగైదు ప్రయాణాలు పట్టేది. మీలో ఎవరి ఇంట్లోనైనా, పోనీ ఎవరి పెళ్ళిలోనైనా ఆ బండి ఉండి ఉంటే, నేను చెబుతున్నదేమిటో చెవికి తెలిసిపోతుంది.

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి పేరుతో పుట్టిన ఆ బండిని 1950ల చివర హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారుచేయడం మొదలుపెట్టారు. అక్కడ పుట్టింట దాన్ని కొన్నేళ్ళకే మరిచిపోయారు గాని, మన దేశంలో 2014 మే నెల దాకా అది తయారవుతూనే వచ్చింది. ఒకే ఒంటికి ముఖం మాత్రం మార్చుకుంటూ, మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా అని పేర్లు మార్చుకుంటూ, దాదాపు ఆరు దశాబ్దాలు. మంత్రులూ కలెక్టర్లూ ఎక్కిన బండి అని అందరూ చెబుతారు. మా కోనసీమలో మాత్రం అది ప్రధానంగా పెళ్ళికొడుకులదీ, పురిటి నొప్పులదీ.

మా నాన్నగారిది 1972 నాటి మార్క్ టూ. తెల్లది. ఆయన 1981లో రెండో చేతి మీదుగా కొన్నారు. కొబ్బరి వ్యాపారం ఆయనది. లారీలు కాయల కోసం, కారు మనుషుల కోసం అనేవారు. ఊళ్ళో ఏ ఇంట్లో అర్ధరాత్రి ఆపద వచ్చినా మా అరుగు మీద ఒక చేతి కర్ర చప్పుడు, "ఏవండోయ్" అని ఒక పిలుపు. నాన్నగారు లుంగీ మీదనే లేచి తాళంచెవి తీసుకునేవారు. అప్పట్లో కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక రేవులో బండిని పంటు మీదకెక్కించి గౌతమిని దాటించాలి. నిండు గర్భిణి వెనక సీట్లో మూలుగుతుండగా పంటు కోసం రేవులో కాచుకున్న రాత్రుల గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రుల్లో వెంట వెళ్ళిన వాళ్ళు చెప్పగా విన్నాను.

ఇన్ని మాటలు ఎందుకంటే, ఆ బండి 2004 జూన్ నుంచి 2023 డిసెంబరు వరకూ మా పెరటి షెడ్డులో, నాలుగు తలుపులూ బిగుసుకుపోయి, పందొమ్మిదేళ్ళకు పైగా నిలబడిపోయింది. ఆ తలుపులు తెరిపించిన కథ ఇది. పాత బండ్ల మీద ప్రీతి ఉన్నవారికి కొంత ఉపయోగపడవచ్చు. మిగతావారు మధ్యలో నూనెలూ బందులూ వచ్చినచోట కొంచెం ఓపిక పట్టండి.

2004 జూన్‌లో ఏం జరిగిందో ముందు చెప్పాలి. అమ్మకు తెల్లవారుజామున గుండెలో నొప్పి వచ్చింది. నేనప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ఇంట్లో నాన్నగారూ అన్నయ్యా మాత్రమే. అప్పటికి ఎదుర్లంక వంతెన వచ్చేసింది కనుక పంటు బాధ లేదు. కాకినాడలో ఒక ఆసుపత్రి ముందు బండి ఆగేసరికి వెనక ఎడమ తలుపు తెరుచుకోలేదు. అన్నయ్య బయటి నుంచి లాగాడు, లోపలి నుంచి తన్నాడు. కుడివైపు పిట్టగోడ. బండిని మళ్ళీ వెనక్కి తీసి, తిప్పి, కుడి తలుపులోంచి అమ్మను దింపారు. లోపల డాక్టరుగారు నాడి చూసి, దారిలోనే పోయారన్నారు. అన్నయ్య ఆ మాట నమ్మలేదు. "తలుపు దగ్గర పది నిమిషాలు పోయాయి, ఆ పది నిమిషాలే అమ్మ" అన్నాడు. అంతకు రెండు రోజుల ముందే ఆ తలుపు పట్టేస్తోందని నాన్నగారికి చెప్పాననీ, ఆయన వినిపించుకోలేదనీ పెద్దకర్మ నాడు అందరి ముందూ అన్నాడు. నాన్నగారు బదులు చెప్పలేదు. ఆ తరువాత ఒక నెలకో ఎప్పటికో బండి షెడ్డులోకి వెళ్ళింది. తాళంచెవి దేవుడి గూట్లోకి వెళ్ళింది. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో పదిహేనేళ్ళు, అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడుకుంటూ గడిపారు. 2019లో నాన్నగారు కాలం చేశారు. కొరివి అన్నయ్యే పెట్టాడు. కంట తడి మాత్రం నేను చూడలేదు.

2023లో షెడ్డు పైకప్పు కూలే స్థితికి వచ్చింది. దాన్ని తీసేసి అక్కడ అన్నయ్య కొడుక్కి గదులు వేయాలనుకున్నారు. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి, తలుపులు రావు కాబట్టి గ్యాసుతో నాలుగు ముక్కలుగా కోసి తీసుకుపోతానన్నాడు. సంక్రాంతి లోపల ఖాళీ చేయాలి. అన్నయ్య సరేనన్నాడు. నాకు ఫోను చేసి, అడగడానికి కాదు, తెలియజేయడానికి చెప్పాడు.

నేను రెండు వారాల సెలవు పెట్టుకుని వెళ్ళాను. అన్నయ్యతో నేను చెప్పిన కారణం పూర్తిగా లౌకికమైనది. 2021 జులైలో కేంద్రం పాతబండ్ల నియమాలు మార్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మౌలికంగా మారకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. దానికి వేరే నంబరు వరుస ఉంటుంది, రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. మామూలు పాత కార్లకు పునర్నమోదు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఆ తరువాతా పెరుగుతూనే ఉంది. మా బండికి 2022తోనే యాభై నిండాయి. కోస్తే ఇనుము ధర, కోయకపోతే ఒక గౌరవం, కొనేవాడుంటే ఎక్కువ ధర కూడా. "అయితే తలుపులు నువ్వే తీయించు. సంక్రాంతి దాకా టైము" అన్నాడు అన్నయ్య. అసలు కారణం ఇద్దరికీ తెలుసు. ఇద్దరం దాని జోలికి పోలేదు.

టింకరింగ్ మేస్త్రీ కోసం రెండు రోజులు తిరిగాను. ఇప్పటి కుర్రవాళ్ళకు తలుపు పాడైతే కొత్త తలుపు తెచ్చి బిగించడమే తెలుసు. చివరికి అరవై దాటిన ఒకాయన దొరికాడు. పనిముట్ల సంచీ లేకుండా వట్టి చేతులతో వచ్చి, బండి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, గొంతుక్కూర్చుని కింది అంచు వెంబడి ఒక కన్ను మూసి చూశాడు. మా మేనల్లుడు అప్పటికే గునపం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అదక్కడ పెట్టెయ్యండి బాబూ. గునపంతో వచ్చిన తలుపు మళ్ళీ మూసుకోదండి" అన్నాడు మేస్త్రీ.

తరువాత ఆయన అడిగిన మొదటి వస్తువు నూనె కాదు, సుత్తి కాదు, రసమట్టం! తాపీ పనివాడి దగ్గర అరువు తెచ్చి ఇచ్చాను. దాన్ని బండి గుమ్మం రేకు మీద పెట్టి చూపించాడు. బుడగ ఒక పక్కకు పరుగెత్తింది. ముందు ఎడమ టైరు గాలిపోయి, రిమ్ము మట్టినేలలోకి అరడుగు దిగిపోయి ఉంది. బండి మొత్తం ఆ మూలకు మెలి తిరిగింది.

ఇక్కడ కొంచెం విషయం చెప్పుకోవాలి. లారీకి కింద దృఢమైన చట్రం ఒకటి విడిగా ఉంటుంది, పైన బాడీ కూర్చుంటుంది. ఈ కారుకు అటువంటి విడి చట్రం లేదు. నేల రేకు, గుమ్మాల కింది పెట్టె రేకులు, స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. కనుక ఒక మూల కుంగితే ఆ వంకర తలుపు చట్రాల్లోకి పాకుతుంది. నిలువు దీర్ఘచతురస్రంగా ఉండవలసిన ద్వారం ఒక పక్కకు ఒరుగుతుంది, తలుపు మాత్రం తన ఆకారం మార్చుకోదు. ఇక గుమ్మం రేకులకు తుప్పు పట్టి ఉంటే చెప్పనే అక్కర్లేదు. అటువంటి బండిని నడిమికి జాకీ పెట్టి లేపితే, బాగా ఉన్న తలుపులు కూడా పట్టేస్తాయి. తలుపు రావడంలేదని అందరూ తలుపునే చూస్తారు, మేస్త్రీ మాత్రం నేలను చూశాడు. పాత ఇళ్ళలో పునాది కుంగితే గుమ్మం బిగుసుకుంటుంది కదా, అలాగే.

కింది రేకు చిల్లులు పడి ఉంది కనుక జాకీ అక్కడ పెట్టలేదు. వెనక ఇరుసు కింద, ముందు చక్రాల మోత భాగాల కింద, లావుపాటి కొబ్బరి దుంగలు దూర్చి, ఒక్కో వేలు చొప్పున, రెండు పూటలు పట్టి నాలుగు మూలలూ లేపారు. ఒక మూల లేపడం, రసమట్టం చూడడం, ఆగడం. లోహం సర్దుకునే చప్పుళ్ళు, టిక్ టిక్ మని, చాలాసేపు వినబడుతూనే ఉన్నాయి. సాయంత్రానికి ముందు ఎడమ తలుపు పై అంచున, అంతకుముందు గోరు కూడా దూరని చోట, రూపాయి బిళ్ళ దూరేంత సందు వచ్చింది.

ఇక నూనెల సంగతి. నేను పట్నంవాడి తెలివితో డబ్ల్యూడీ-40 డబ్బా పట్టుకెళ్ళాను. 1953లో అమెరికాలో రాకెట్ల రేకులకు తుప్పు పట్టకుండా తేమను తరిమేసే ద్రవం కోసం నలభై ప్రయత్నాలు చేసి సాధించారట, అందుకని ఆ అంకె. మేస్త్రీ దాన్ని కాదనలేదు. "తడి తోలడానికి మంచిదేనండి, నానబెట్టడానికి మాత్రం ఇది" అని తన సీసా తీశాడు. కిరసనాయిలూ పల్చటి ఇంజనాయిలూ కలిపిన సొంత మిశ్రమం. కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంది. తుప్పు అనేది ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల నడుమ తుప్పు పుడితే అది మేకు దిగేసినట్టు లోపలి నుంచి బిగిస్తుంది. ఆ సందులోకి ద్రవం పాకాలంటే పల్చగా ఉండాలి, పాకాక ఆరిపోకుండా ఉండాలంటే జిడ్డుండాలి. ఆపైన కావలసింది కాలం. పూటకు రెండు చుక్కలు, కొయ్యసుత్తితో నాలుగు మెత్తటి దెబ్బలు. ఆ దెబ్బలు విరగ్గొట్టడానికి కాదు, తుప్పు పొరలో వెంట్రుకవాసి పగుళ్ళు తెప్పించి నూనెకు దారి చూపడానికి.

రబ్బరు ఉన్నచోట మాత్రం ఆ సీసా తాకనివ్వలేదు. బీడింగ్ ఉబ్బి పాడవుతుందని అక్కడ ఆముదం రాయించాడు. ఇది నాకు ముచ్చటగా తోచింది. ఖనిజ తైలాలు సహజ రబ్బరును ఉబ్బిస్తాయి, ఆముదం అంత హాని చేయదు. అందుకే తొలినాటి కార్ల బ్రేకు ద్రవాల్లో ఆముదమే వాడేవారు. క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది కూడా మన ఆముదమే. మా నాయనమ్మ తలుపు బందులకు పోసిన ఆముదం చుట్టూ తిరిగి మళ్ళీ మా పెరట్లోకే వచ్చింది.

మూడో నాడు ముందు ఎడమ తలుపు వచ్చింది. దానికి ముందువైపు ఒక ముక్కోణపు అద్దం ఉంటుంది, గాలి కోసం తిప్పుకునేది. నాన్నగారికి దాని కొక్కెం సగమే వేసే అలవాటు. మేస్త్రీ అందులోంచి చెయ్యి దూర్చి లోపలి హ్యాండిల్ పట్టుకున్నాడు. "మేష్టారూ, మీరు లాగకండి, లోపలికి నెట్టండి" అన్నాడు. నెట్టడమెందుకని అడిగితే, తలుపు బరువంతా లాకు నాలుక మీద పడి ఉంటుందనీ, నెడితే ఆ బరువు తగ్గి నాలుక కదులుతుందనీ చెప్పాడు. నెట్టాను. ఆయన హ్యాండిల్ తిప్పాడు. లోపల ఎక్కడో చిన్న శబ్దం. తలుపు నా చేతుల్లోకి వచ్చింది.

పందొమ్మిదేళ్ళ గాలి బయటికి వచ్చింది. పాత రెక్సిన్, ఎలుకలు, ఎండిన కొబ్బరిపీచు, ఇంకా ఏదో, పేరు పెట్టలేను. సీటు మీద నాన్నగారి కళ్ళద్దాల డబ్బా ఉంది. అందులో అద్దాలు లేవు, పంటు రేవు చీటీలు ఉన్నాయి, వంతెన రాకముందువి. వాటిని అన్నయ్యకు చూపిస్తే చేత్తో పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశాడు.

డ్రైవరు తలుపు సంగతి త్వరగా ముగిస్తాను. లాకు లోపలి నుంచి తేలిగ్గానే విడిపోయింది గాని జానెడు తెరుచుకుని ఆగిపోయింది. బందుల సీలలు తుప్పుతో బిగిశాయి. ఆ స్థితిలో బలవంతపెడితే బందు వంగదు, అది బిగించి ఉన్న స్తంభం రేకే చిరుగుతుంది. నూనె వేయడం, ముందుకు రెండు వేళ్ళు, వెనక్కి రెండు వేళ్ళు ఊపడం, మళ్ళీ నూనె. ఒక పగలంతా మా మేనల్లుడికి అదే పని. వాడు పాటలు వింటూ చేశాడు. సాయంత్రానికి పూర్తిగా తెరుచుకుంది, కిర్రుమంటూ. తాళం రంధ్రంలో మాత్రం నూనె వద్దని, పెన్సిలు ముల్లును అరగదీసిన పొడి ఊదించాడు. నూనె వేస్తే దుమ్ము పట్టి మళ్ళీ ముద్ద కడుతుందట. దేవుడి గూట్లోని తాళంచెవి తెచ్చి పెడితే నాలుగో ప్రయత్నంలో తిరిగింది. దాని మీద కుంకుమ మరక ఉంది.

వెనక కుడి తలుపు మమ్మల్ని నిజంగా ఏడిపించింది. హ్యాండిల్ రాయిలా ఉంది. లోపలి అట్టను విప్పి చూస్తే లాకు మిషను మొత్తం ఎర్రటి ముద్ద. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయి, అద్దం సందులోంచి కారిన వాన లోపలే నిలిచి, అడుగు రేకును తినేసింది. అంబాసిడర్ తలుపు అడుగున ఆ రంధ్రాలున్నాయని చాలామంది యజమానులకు తెలియదు. ఏడాదికోసారి వాటిలో ఒక పుల్ల తిప్పితే తలుపు ఇంకో పదేళ్ళు బతుకుతుంది. మా సముద్రపు గాలిలో అది మరీ అవసరం. దాని లాకు నాలుగు రోజులు నానింది. నాలుక పూర్తిగా వెనక్కి రావడానికి మేస్త్రీ ఒక్కో నూలు చొప్పున కదిలించాడు. అది వచ్చినప్పుడు ఎవరమూ కేకలు వేయలేదు, అలిసిపోయి ఉన్నాం. అమ్మను దింపిన తలుపు అదే.

మిగిలింది వెనక ఎడమది.

ఆ రోజు అన్నయ్య పొలానికి వెళ్ళలేదు. షెడ్డు బయట, బాదం చెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. వదిన రెండుసార్లు టీ పంపింది. మేస్త్రీ బండి లోపలికెక్కి వెనక సీటులో కూర్చుని లోపలి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. నేను బయటి నుంచి నెట్టడానికి సిద్ధపడ్డాను. నా అంచనా ప్రకారం అన్నిటికన్నా మొండి తలుపు ఇదే కావాలి. అప్పుడే పట్టేసిన తలుపు, ఇన్నేళ్ళ తరువాత ఏ స్థితిలో ఉంటుంది!

టక్ మని స్పష్టంగా వినిపించింది. మేస్త్రీ చెయ్యి తీసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్. నాలుగైదుసార్లు తిప్పాడు.

"ఇదేటండీ! లాకు వెన్నలా ఉంది" అన్నాడు.

కాని తలుపు కదల్లేదు. లాకు విడిపోయింది, సందు సమంగా ఉంది, రసమట్టం బాగుంది, అయినా గోడకు అతికినట్టు నిలబడి ఉంది. మేస్త్రీ దిగి వచ్చి అంచు వెంబడి వేలితో తడిమి, గోరుతో గీరి, వాసన చూశాడు. "బీడింగ్ రంగుకి అంటుకుపోయిందండి. చుట్టూరా" అన్నాడు. రబ్బరు పాతబడి అంటుకుంటే అక్కడక్కడా పట్టుకుంటుందట. ఇలా చుట్టూ ఒకే తీరుగా పట్టుకుందంటే, రంగు వేసి అది లోపలి దాకా గట్టిపడకముందే తలుపు మూసేసి ఉండాలనీ, మళ్ళీ తెరవకుండా వదిలేసి ఉండాలనీ అన్నాడు. ఎనామిల్ రంగు పైకి ఒక రోజులో ఆరినట్టు కనిపించినా లోపల పూర్తిగా బిగియడానికి వారాలు పడుతుంది. ఆ లోపల కొత్త రబ్బరు దానికి నొక్కుకుని ఉంటే రెండూ ఒకటైపోతాయి.

పేపరు మడిచిన చప్పుడు వినిపించింది నాకు.

ఈ జబ్బుకు బలం పనికిరాదు. లాగితే రబ్బరు చిరుగుతుంది, రంగు రేకు నుంచి పెచ్చులుగా ఊడుతుంది. మేస్త్రీ మా మేనల్లుణ్ణి పంపి చేపల గాలానికి కట్టే నైలాను దారం తెప్పించాడు. వదిన దగ్గర జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తీసుకున్నాడు. జానెడు మేర రబ్బరును వెచ్చచేయడం, మెత్తబడ్డాక పై మూల నుంచి దారాన్ని దూర్చి, ఇద్దరం రెండు కొసలూ పట్టుకుని, రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగడం, విడిపోయినచోట మళ్ళీ అంటుకోకుండా ముఖానికి రాసుకునే పౌడరు చల్లడం, ఇంకో జానెడు. దారం వేడికి తెగేది. తొమ్మిదిసార్లు తెగింది. పై అంచు అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. మేస్త్రీ చుట్ట కాల్చుకోవడానికి వెళ్ళాడు.

అప్పుడు అన్నయ్య లేచి వచ్చి దారం రెండో కొస పట్టుకున్నాడు. నేను బండి లోపల, అతను బయట. మధ్యలో దుమ్ము పట్టిన అద్దం. దానిలోంచి ముఖం సరిగ్గా కనబడలేదు. కాసేపు లాగాక ఇద్దరికీ ఒక లయ కుదిరింది. చిన్నప్పుడు కొబ్బరి తాడు పేనేటప్పుడు అలా లాగేవాళ్ళం. మాట లేదు. కింది అంచు చివరి బెత్తెడు మిగిలినప్పుడు మేస్త్రీ తిరిగివచ్చి, మమ్మల్ని ఆపి, తాను అరచెయ్యి ఆనించి, లోపలికి ఒకసారి నెట్టి వదిలాడు. తలుపు తెరుచుకుంది. బందులు కూడా కిర్రుమనలేదు.

తెరిచిన తలుపు అంచును ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. లాకు కొత్తది. దాని మరల తలల మీద రంగు లేదు, బిగించిన పానా గుర్తు ఇంకా మెరుస్తోంది. గ్రీజు తేనెరంగులో గడ్డకట్టి ఉంది, చాలా ఎక్కువ రాసి ఉంది, అవసరానికి మించి. బందుల్లో కూడా అంతే. బీడింగ్ నల్లగా నిండుగా ఉంది. అంచు చుట్టూ వేసిన తెలుపు మిగతా బండి తెలుపు కన్నా ఒక పాలు ఎక్కువ తెల్లగా ఉంది. నాలుగు తలుపుల్లోకీ బాగున్న తలుపు ఇదే.

"ఈ పని ఎవరో శ్రద్ధగా చేయించారండి. అయితే చేయించాక వాడలేదండి" అన్నాడు మేస్త్రీ.

ఆ పని ఎప్పటిదో ఆయన చెప్పలేడు. నేనూ చెప్పలేను, నేనప్పుడు ఇక్కడ లేను. చెప్పగలిగిన మనిషి ఒక్కడే. అన్నయ్య వంగి తలుపు కింది మూల రబ్బరును వేలితో నొక్కి చూశాడు. చాలాసేపు అక్కడే చెయ్యి ఉంచాడు.

"ఆ రోజు ఇది ఇలా లేదురా. ఇక్కడ బీడింగ్ చిరిగి వేలాడుతుండేది. అమ్మ చీర కుచ్చెళ్ళు ప్రతిసారీ దానికి తగులుకునేవి. ఆ రోజు కూడా" అన్నాడు.

నేనేమీ అనలేదు. నాన్నగారు ఆ తలుపు బాగుచేయించడానికి బండిని ఎప్పుడు తీసుకెళ్ళి ఉంటారో, ఎవరితో ఏమని చెప్పి ఉంటారో, మేస్త్రీ పక్కన నిలబడి ఇంకొంచెం గ్రీజు రాయమని ఎన్నిసార్లు అడిగి ఉంటారో, తిరిగివస్తూ దారిలో ఎంత దూరం ఒక్కరే నడుపుకుంటూ వచ్చి ఉంటారో… ఇవేవీ తెలుసుకునే మార్గం లేదు. బదులు చెప్పలేదని పదిహేనేళ్ళు అనుకున్నాం. ఒకవేళ ఇది బదులే అయితే, చూపించకుండా తాళం వేసి ఉంచుకున్న బదులు. ఒప్పుకోలో, ప్రాయశ్చిత్తమో, ఉత్తినే పాడైన వస్తువును పాడైనట్టుగా ఉంచలేని వ్యాపారస్థుడి అలవాటో. దానికి ఒక పేరు పెట్టేసి తృప్తిపడడం నాకు ఇష్టం లేదు. డాక్టరుగారు చెప్పింది నిజమా, అన్నయ్య లెక్కించిన పది నిమిషాలు నిజమా అన్న ప్రశ్న కూడా ఈ తలుపుతో తేలలేదు. ఏ తలుపుతోనూ తేలదు.

అన్నయ్య తలుపును మెల్లగా దగ్గరికి తెచ్చి వేశాడు. పడలేదు. రెండోసారి కొంచెం విసురుగా వేశాడు. పడింది. మళ్ళీ తెరిచి, మళ్ళీ వేశాడు. మేస్త్రీ ఏదో అనబోతే నేను కళ్ళతో వారించాను. ఏడెనిమిదిసార్లు అయ్యాక, చేతులు దులుపుకుని, "గుమ్మం రేకులకు ఎంతవుద్ది?" అని మేస్త్రీని అడిగాడు. బేరం ఆడలేదు. మా అన్నయ్య బేరం ఆడకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. పాత ఇనుము వాడికి ఫోను కూడా తనే చేశాడు, లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని.

బండి షెడ్డులోంచి బయటికి వచ్చి ఇప్పుడు బాదం చెట్టు పక్కన రేకుల పందిరి కింద ఉంది. అడుగు రేకులు కోసి కొత్తవి అతికారు. వెనక కుడి తలుపు అడుగు కూడా అయింది. ఇంజను సంగతి ఇంకా పట్టుకోలేదు, అది వేరే మేస్త్రీ పని, వేరే ఖర్చు. రంగు వేసేవాడు మొన్న వచ్చి, నాలుగు తలుపుల అంచులూ ఒకే తెలుపులోకి తెస్తానని, వెనక ఎడమది గీకడానికి కాగితం చేతిలోకి తీసుకున్నాడట. మిగతావన్నీ వేసుకొమ్మనీ, ఆ అంచు జోలికి మాత్రం పోవద్దనీ అన్నయ్య చెప్పాడని వదిన ఫోనులో అంది.